దొరికిన రాయి పనిముట్టా, మామూలు రాయా: పోల్చుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వాగు ఒడ్డునా దున్నిన నేలలోనూ కొన్ని రాళ్లు ఏరారు. ఒకటి అరచేతిలో ఇమిడే బాదంగింజ ఆకారపు రాయి, ఇంకొకటి నున్నటి గొడ్డలి లాంటిది, వీటితో పాటు వేలిగోరంత ముక్కలు గుప్పెడు. ఇవి ఆదిమానవుల పనిముట్లేనా, ఎంత పాతవి, ఎలా కడగాలి అన్నది మీ ప్రశ్న.

"చేతిలో అచ్చంగా సరిపోయింది, బొటనవేలికి గుంట కూడా ఉంది" అని రాశారు. చాలామంది మొదట చెప్పేది ఇదే, దీన్ని నమ్ముకునే ఎక్కువమంది పొరబడతారు. నీళ్లలో దొర్లిన రాళ్లలో సగం చేతిలో ఇముడుతాయి. ఏ గుంట దొరికినా మన వేలు అందులోకి వెళ్లి కూర్చుంటుంది. కాబట్టి ఆకారాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ రాయి ఎలా విరిగిందో చూడండి.

సన్నటి రేణువులుండి లోపల పొరలు లేని రాయి (చెకుముకి, చర్ట్, జాస్పర్, అబ్సిడియన్, మంచి క్వార్ట్‌జైట్, సన్నరకం బసాల్ట్) దెబ్బ తింటే గాజు పగిలినట్టే పగులుతుంది. కిటికీ అద్దానికి చిన్న గులకరాయి గట్టిగా తగిలితే అవతలి వైపు గరాటులా పెచ్చు ఊడిపోవడం చూసే ఉంటారు. రాతి అంచు దగ్గర కొట్టినప్పుడూ జరిగేది అదే, కాకపోతే గరాటులో ఒక పక్క మాత్రమే పెచ్చుతో పాటు వస్తుంది. అందుకే మనిషి కొట్టి తీసిన పెచ్చుకు పైన దెబ్బ తగిలిన చిన్న చదును ఉంటుంది. దాని కిందే లోపలి వైపు ఒక ఉబ్బు. ఉబ్బు నుంచి కిందికి, నీళ్లలో రాయి వేసినట్టు, అలలు విచ్చుకుంటూ పోతాయి. ఉబ్బు మీద చాలాసార్లు చిన్న పొలుసు లేచిన మచ్చ కూడా కనిపిస్తుంది. పక్క అంచుల్లో వెంట్రుకల్లాంటి గీతలుంటే వాటిని వెనక్కి పొడిగించి చూడండి, అన్నీ దెబ్బ తగిలిన చోటికే చేరతాయి.

దీన్ని కంటితో చూసే ముందు వేలితో చూడండి. పెచ్చును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పైచదును కింద నుంచి మెల్లగా కిందికి జార్చండి. మొదట మిట్ట తగులుతుంది, తర్వాత కొంచెం లోతు, ఆ తర్వాత చివరిదాకా పల్చబడుతుంది. ఈ వైపును పెచ్చు కడుపు అనుకుందాం. దీని మీద అంతకుముందు కొట్టిన దెబ్బల మచ్చలు ఉండవు, ఎందుకంటే ఆ క్షణం వరకు ఇది రాయి లోపలే ఉంది. వీపు వైపు మాత్రం పాత పెచ్చులు లేచిన గుంటలో, రాయి పైతొక్కో, రెండూనో ఉంటాయి. వీపు మీది గుంటలు కూడా పైచదును వైపు నుంచే మొదలయ్యాయంటే, ఎవరో ఒకే వైపు నుంచి వరసగా పెచ్చులు తీశారన్నమాట. ఆ వరస చాలా విలువైన ఆధారం. పెచ్చులు తీయగా మిగిలిన దిమ్మను కోర్ అంటారు. దాని మీద ఉబ్బు తిరగబడి గుంటగా కనిపిస్తుంది.

అయితే ఒక్క పెచ్చుతో తేల్చకూడదు. ఉబ్బూ అలలూ చేసేది దెబ్బ, ఆ దెబ్బ కొట్టింది మనిషే కానక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో బెంజమిన్ హారిసన్ అనే స్థానిక ఔత్సాహికుడు ఏరిన అంచు చితికిన చెకుముకి రాళ్లను "ఇయోలిత్" అన్నారు, మానవజాతి తొలి పనిముట్లు అవేనని చాలామంది పండితులు దశాబ్దాల పాటు వాదించారు. 1905లో ఫ్రాన్స్‌లో శిలాజ శాస్త్రవేత్త మార్సెలిన్ బూల్, మాంత్ దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సుద్దనూ బంకమన్నునూ నీళ్లతో తిప్పే తొట్టిలో పడి నలిగిన చెకుముకి గడ్డలు అచ్చం ఇయోలిత్‌లలాగే తయారవుతున్నాయని చూపించాడు. మట్టి బరువు కింద రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకున్నా అలాంటి అంచులే వస్తాయని ఇంగ్లండ్‌లో హాజల్‌డైన్ వారెన్ చూపించాడు. కోతుల సంగతి ఇంకా ఈమధ్యది. బ్రెజిల్ కాపుచిన్ కోతులు రాయితో రాయిని మోది పదునైన పెచ్చులు రాలుస్తాయని 2016లో, థాయిలాండ్ మకాక్‌లు గింజలు పగలగొడుతూ అలాగే రాలుస్తాయని 2023లో అధ్యయనాలు వచ్చాయి. ఆ పెచ్చులను అవి వాడవు, కానీ పెచ్చు లక్షణాలన్నీ ఉంటాయి.

కాబట్టి వెతకాల్సింది ఒక పద్ధతిని. ప్రకృతి కొట్టిన దెబ్బలు ఎటు పడితే అటు తగులుతాయి, చెక్కేవాడు మాత్రం కోణం చూసుకుని కొడతాడు. దెబ్బ తగిలే చదునుకీ పెచ్చు లేచే ముఖానికీ మధ్య కోణం 90 డిగ్రీల లోపు ఉంటేనే పెచ్చు శుభ్రంగా లేస్తుంది. రాతి పనిముట్ల పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ బార్న్స్ 1939లో ఇచ్చిన కొలమానం ఇప్పటికీ మంచి మొదటి పరీక్షే: ఒక చోట దొరికిన రాళ్ల మీద మచ్చల కోణాలన్నీ కొలవాలి, వాటిలో 90 డిగ్రీలూ ఆపైన ఉన్నవి నాలుగో వంతు మించకపోతే ఆ సమూహం మనుషుల పని అయ్యే అవకాశం ఉంది. ప్రకృతి చేసినవాటిలో ఈ వాటా అంతకంటే బాగా ఎక్కువ. ఇది రాళ్ల గుంపుకు పెట్టే పరీక్ష, ఒక్క రాయికి పెడితే అర్థం లేదు. ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఈ రకం రాయి అక్కడి నేలలో సహజంగా ఉందా? చుట్టూ అదే రాయి గుట్టలుగా పడి, అన్నీ ఒకేలా పగిలి ఉంటే ప్రకృతినే అనుమానించాలి. చుట్టుపక్కల ఎక్కడా లేని రాయి ఒండ్రుమట్టిలో నాలుగు పెచ్చులుగా దొరికితే, దాన్ని ఎవరో మోసుకొచ్చారేమో అని ఆలోచించాలి.

మోసం చేసే విరుపులు కొన్ని ఉన్నాయి. వేడి తగిలిన చెకుముకి మీద గుండ్రటి గిన్నెల్లాంటి గుంటలు పడతాయి. వాటికి అంచులో మొదలయ్యే దెబ్బ చోటు ఉండదు, పెచ్చు ముఖం మధ్యలోంచే లేస్తుంది. పక్కనే సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు ఉంటాయి. మంచుకు పగిలినా దాదాపు ఇలాంటి గుంటలే. దున్నిన నేలలోవైతే నాగలి తగిలిన గాయం కొత్తగా, లోపలి రంగు బయటపడి ఉంటుంది, పక్కనే తుప్పురంగు ఇనుప గీత కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. కాళ్ల కింద నలిగిన అంచుకు పొలుసులు అక్కడొకటి ఇక్కడొకటి, రెండు వైపులా, చిన్నాపెద్దా కలిసి లేస్తాయి. కావాలని చెక్కిన అంచులో పొలుసులు ఒకే వైపు నుంచి, దాదాపు ఒకే సైజులో, పక్కపక్కనే ఆనుకుని వరసగా ఉంటాయి.

క్రషర్ కంకరను ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే రోడ్డు పక్కనా రైలు పట్టాల దగ్గరా ఏరినవాటిలో ఇదే ఎక్కువ. యంత్రం దవడల మధ్య నలిగిన రాయికి నిజమైన ఉబ్బులు, నిజమైన అలలు వస్తాయి. తేడా ఏమిటంటే మచ్చలన్నీ ఒకే వయసువి, ఒకే తాజా రంగు. దెబ్బలు ఎదురెదురు వైపుల నుంచి తగిలి ఉంటాయి, కొట్టిన చోట్లు పిండిలా చితికి తెల్లబడతాయి, కోణాలు మొద్దుగా ఉంటాయి. దారి మీద పోసిన కంకర వానకు కొట్టుకుపోయి వాగులోకి కూడా చేరుతుందని మర్చిపోవద్దు.

ఇప్పుడు మీ బాదంగింజ రాయి. అది చేతిగొడ్డలి (పిడి లేకుండా చేత్తోనే పట్టుకునే, రెండు వైపులా చెక్కిన పనిముట్టు) కావాలంటే రెండు ముఖాల మీదా అంచు నుంచి లోపలికి చొచ్చుకుపోయిన పెచ్చు గుంటలు ఉండాలి. చాలా గుంటలు రాయి మధ్యదాకా రావాలి. ప్రతి గుంటా అంచు దగ్గర లోతుగా మొదలై మధ్యకు వచ్చేసరికి తేలిపోవాలి. రాయిని పక్కకు తిప్పి అంచును మీ కంటికి ఎదురుగా పెట్టుకోండి. ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు కొట్టడం వల్ల ఆ గీత పాములా మెలికలు తిరుగుతూ చుట్టూ పోతుంది, బాగా తీర్చినదైతే దాదాపు తిన్నగా ఉంటుంది. అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే మధ్యలో లావు, రెండు వైపులా పలచన. మడమ (మొనకు ఎదుటి లావు కొస) దగ్గర కొంత పైతొక్క మిగిలి ఉండటం మామూలే. మొనకు బదులు అడ్డంగా వెడల్పాటి, చెక్కుడు లేని పదునైన అంచు ఉంటే దాన్ని క్లీవర్ అంటారు. ఒక ముఖాన రెండు గుంటలు ఉండి, మిగతాదంతా నున్నటి గుండ్రాయి అయితే చేతిగొడ్డలి అనకండి. ప్రవాహంలో రాళ్లు ఢీకొన్నా రెండు పెచ్చులు లేస్తాయి.

వాగులోది కాబట్టి గుంటల మధ్య గట్లను కూడా చూడండి. గట్టు వేలికి కోసేలా తగిలితే రాయి దాదాపు పడినచోటే ఉంది. అరిగిపోయి గుండ్రంగా తగిలితే అది కొట్టుకొచ్చింది, అసలు చోటు ఎగువన ఎక్కడో ఉంది. గట్లన్నీ అరిగి ఒకే గుంట మాత్రం పదునుగా ఉంటే ఆ గుంట తర్వాత వచ్చింది, దాన్ని చెక్కుడు లెక్కలో వేయకూడదు. పై పూత రంగు కూడా ఇలాగే పనికొస్తుంది. చెకుముకి మట్టిలో తెల్లబారుతుంది, ఇనుము ఉన్న నేలలో గోధుమరంగు తాగుతుంది, ఎడారిలో నల్లటి మెరుపు పూత కడుతుంది. ఒకే రాయి మీద రెండు రకాల పూతలుంటే అది రెండు వేర్వేరు కాలాల్లో విరిగింది. ఏది ముందు, ఏది తర్వాత అన్నంతవరకే పూత చెబుతుంది. పూత మందాన్ని బట్టి ఇన్ని వేల ఏళ్లు అని చెప్పేవారి మాట నమ్మకండి, నేల రసాయనాన్ని బట్టి అది కొద్దికాలంలోనూ రావచ్చు, ఎన్నాళ్లయినా రాకపోవచ్చు.

గుప్పెడు చిన్నముక్కలను తేలిగ్గా తీసిపారేయకండి. మీ రాళ్లలో అసలైనవి ఉండే అవకాశం నా దృష్టిలో వీటికే ఎక్కువ. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కుని ఒక్కొక్కటీ చూడండి. పొడవు వెడల్పుకు రెండింతలో అంతకు మించో ఉండి, వీపు మీద పొడవునా ఒకటో రెండో సమాంతర గట్లు ఉంటే అది బ్లేడు. 12 మిల్లీమీటర్ల కంటే సన్నదైతే చిన్నబ్లేడు. చిన్నబ్లేడుకు ఒక అంచు పదునుగా వదిలేసి, ఎదుటి అంచును దాదాపు నిట్టనిలువుగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొలుసులతో మొద్దు చేశారా? అయితే అది సూక్ష్మరాతి పనిముట్టు. ఆ మొద్దు అంచును జిగురుతో కర్రలోనో ఎముకలోనో దిగవేసి, పదును వైపు బయటికి ఉంచేవారు. నెలవంక, త్రిభుజం, ట్రాపిజం ఆకారాల్లో కూడా తీర్చేవారు. వీటి కోర్ ఒక్కటి దొరికినా సందేహం చాలావరకు తీరిపోతుంది. బొటనవేలంత దిమ్మ, చెక్కిన పెన్సిల్ మొనలా చుట్టూ సన్నటి నిలువు చారలు, పైన చదును. ప్రకృతి అలాంటిది చేయదు.

ముక్కల్లో తెల్ల పలుగురాయి ఉంటే మాత్రం జాగ్రత్త. పలుగు స్ఫటికాల వెంబడి, లోపలి చీలికల వెంబడి చిట్లుతుంది కాబట్టి మనిషి కొట్టినా చాలాసార్లు ఉబ్బు రాదు, అలలు రావు. దాన్ని దాగలిరాయి మీద నిలబెట్టి పైనుంచి కొట్టేవారు, అందుకే పై కొసా కింది కొసా రెండూ చితికి ఉన్నాయేమో చూడాలి. ఆ గుర్తు లేని పలుగుముక్కను, పక్కన వేరే రాతి పెచ్చులు దొరకనంతవరకు, తెలియనివాటి సంచిలో ఉంచండి.

చిన్న చతురస్రపు చెకుముకి ముక్క, రెండు మూడు సెంటీమీటర్లది, దొరికితే ఇంకో అవకాశం కూడా ఉంది: నిప్పురవ్వ కోసం పాత తుపాకీ గుర్రంలో (మందు అంటించే మీటలో) బిగించే చెకుముకి. పదిహేడో శతాబ్దం నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా ప్రపంచమంతా వాడారు. నూర్పిడి పలకల (పంట నూర్చడానికి కళ్లంలో ఈడ్చే చెక్కల) అడుగున బిగించిన చెకుముకి ముక్కలు మధ్యధరా, పశ్చిమాసియా పొలాల్లో బోలెడు దొరుకుతాయి. బయటికి ఉన్న అంచు మీద అద్దంలాంటి మెరుపు ఉంటుంది. రాతి కొడవలి ముక్కల మీద కూడా గడ్డి కోసిన మెరుపే ఉంటుంది కాబట్టి ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

నున్నటి గొడ్డలి విషయంలో వెతకాల్సింది వేరు. అది డోలరైటో బసాల్టో అయితే, ముందు పెచ్చులు తీసి ఆకారం తెచ్చి, తర్వాత రాతితో పొడిచి పొడిచి సమం చేసి, చివరకు ఇసుక, నీళ్లు వేసి నూరి ఉంటారు. నూరుడు మిట్టలకే అందుతుంది. అందుకే నున్నటి ముఖం మధ్యలో నూరుడు అందని పాత పెచ్చు గుంటలు గరుకుగా మిగిలిపోతాయి. నది అరగదీసిన రాయిలో గుంటా మిట్టా అన్న తేడా లేకుండా అంతా నునుపే. టార్చిలైటును రాయి పక్కన దాదాపు పడుకోబెట్టినట్టు పెట్టి చూడండి. పదునంచు దగ్గర ఒకే దిశలో పోయే సన్నటి నూరుడు గీతలు, రెండు వాలు చదునులు కలిసే స్పష్టమైన గీత కనిపించాలి. మడమ వైపు సూదిమొనల్లాంటి పొడుపు గుంటలు దట్టంగా ఉండొచ్చు. పిడి పట్టు దొరకడానికి ఆ భాగాన్ని తరచూ గరుకుగానే వదిలేసేవారు. ఒక హెచ్చరిక: ఈ గొడ్డళ్లను పిడుగురాళ్లుగా భావించి చాలా దేశాల్లో ఇళ్లల్లో, గుళ్లల్లో దాచుకున్నారు. కాబట్టి దొరికిన చోటే అది వాడిన చోటు అనుకోకూడదు.

వయసు గురించి. కెన్యాలోని లొమెక్వీ పనిముట్లు 33 లక్షల ఏళ్లవి, చేతిగొడ్డళ్లు కెన్యాలోనే సుమారు 17.6 లక్షల ఏళ్ల కిందటివి దొరికాయి. చెన్నై దగ్గరి అత్తిరంపాక్కం చేతిగొడ్డళ్లకు సగటున 15 లక్షల ఏళ్లని 2011లో లెక్కగట్టారు. ఈ అంకెలేవీ రాళ్ల ఆకారం నుంచి రాలేదు, రాళ్లున్న మట్టి పొరల నుంచో బూడిద పొరల నుంచో, అత్తిరంపాక్కంలోలా పొరలో పూడి ఉన్న రాళ్లనే ప్రయోగశాలలో కొలవడం వల్లో వచ్చాయి. చేతిగొడ్డలి పది లక్షల ఏళ్లకు పైగా నడిచిన ఆకారం. సూక్ష్మరాతి పనిముట్లు శ్రీలంక గుహల్లో 45 వేల ఏళ్ల కిందటే ఉన్నాయి, కొన్ని చోట్ల లోహాలు వచ్చాక కూడా కొనసాగాయి. నేల మీద ఏరిన విడి రాయికి "ఏ రకం" అని చెప్పొచ్చు, "ఎన్నేళ్లు" అని చెప్పలేం.

దీనివల్లే చోటు వివరం రాయంత ముఖ్యం. జపాన్‌లో షినిచి ఫుజిమురా అనే ఔత్సాహికుడు ఏళ్ల తరబడి పాత పొరల్లోంచి పనిముట్లు తీసి చూపించాడు. అతను రాళ్లను తనే పాతిపెడుతుండగా 2000లో ఒక పత్రిక ఫొటోలు తీసి బయటపెట్టింది. రాళ్లు నిజమైన పనిముట్లే, అబద్ధమల్లా అవి ఏ పొరలో ఉన్నాయన్న మాట. ఆ ఒక్క అబద్ధంతో జపాన్ పాఠ్యపుస్తకాలు మార్చాల్సి వచ్చింది. మీరు ఒక్కో రాయి ఎక్కడ దొరికిందో గుర్తున్నంత వరకు ఈరోజే రాసేయండి: ఫోన్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నేల మీదా ఒడ్డు కోతలోనా, కోత అయితే పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల లోతు, కింద ఉన్నది ఇసుకా గులకా ఎర్రమట్టా. ఇకపై ఏరకుండా, ఉన్నచోటే స్కేలు పెట్టి ఫొటో తీయడం మంచిది, తవ్వడం మాత్రం వద్దే వద్దు. చాలా దేశాల్లో అనుమతి లేకుండా తవ్వడమూ అమ్మడమూ నేరం. మీ రాష్ట్ర పురావస్తు శాఖకో దగ్గరి విశ్వవిద్యాలయ పురావస్తు విభాగానికో చెబితే వాళ్లు ఆ చోటు వచ్చి చూడగలరు.

కొనుక్కున్న రాయి అయితే ఇంకో అనుమానం పెట్టుకోవాలి. పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ సింప్సన్, "ఫ్లింట్ జాక్" అని పేరుపడ్డవాడు, చెకుముకి పనిముట్లు చేసి పాతవని అమ్మేవాడు. ఇప్పటి నకళ్లలో గుంటలన్నీ ఒకే తాజాదనంతో ఉంటాయి. గట్టు మీద ఇప్పటి చెక్కేవాళ్లు వాడే రాగి పనిముట్టు రాసుకున్న మెరుపు చార ఉండొచ్చు, ఎక్కడో ఒక చోట రంపం కోసిన సమాంతర గీతలు మిగిలి ఉండొచ్చు. రంగు పట్టిస్తే అది పగుళ్లలో ముద్దగా చేరుతుంది.

కడగడం: ముందు ఒకటి రెండు రాళ్లను, ముఖ్యంగా అంచు బాగున్న చిన్నముక్కలను, అసలు కడగకుండా మట్టితోనే పక్కన పెట్టండి. అంచుకు అంటుకున్న పిండిపదార్థం, జిగురు ఆనవాళ్లను ప్రయోగశాలలో చూడగలరు, కడిగితే పోతాయి. మిగతావాటికి మంచినీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు, నీడలో ఆరబెట్టండి. యాసిడ్, వైరు బ్రష్షు, నూనె, వార్నిష్ వాడొద్దు. పదును చూడటానికి ఇనుముతో గీకొద్దు, అంచులో కొత్త పొలుసులు లేచి అసలు చెక్కుడును కలుషితం చేస్తాయి. ఒకే డబ్బాలో వేసి గలగలలాడించినా అదే నష్టం, ఒక్కో రాయికి ఒక్కో సంచి, సంచిలో చీటీ.

ఆ తర్వాత నాకు ఫొటోలు పంపండి. మీరు పంపిన ఫొటోలోని ఒక్క కోణంతో చేతిగొడ్డలి సంగతి తేల్చలేను. ఒక్కో రాయికి ఆరు ఫొటోలు కావాలి: రెండు ముఖాలు, రెండు పక్క అంచులు, మొన వైపు నుంచి ఒకటి, మడమ వైపు నుంచి ఒకటి. వెలుగు ఎడమ పైమూల నుంచి వాలుగా పడాలి, ఫ్లాష్ వద్దు, అది గుంటలను చదును చేసేస్తుంది. పక్కన సెంటీమీటర్ స్కేలు ఉండాలి. రాయి తడిగా ఉండకూడదు. చిన్నముక్కల్లో మొద్దు అంచు కనిపించినవాటికి ఆ అంచును దగ్గరగా ఇంకో ఫొటో తీయండి.